చిన్న రివాల్వర్‌కి పొడుగు హోల్‌స్టర్: నా ప్రాజెక్టు డైరీ

జూలై

డాలస్‌కి ఉత్తరాన మేముండే చోట ఈ నెలలో ఎండ వంద ఫారన్‌హీట్ దాటడం మామూలే. జాకెట్ వేసుకునే ప్రశ్నే లేదు. పల్చటి కాటన్ చొక్కా, ప్యాంటు, అంతే. ఈ బట్టల్లోనే పొద్దున షాపు తెరిచింది మొదలు రాత్రి మూసేదాకా ఒంటి మీద ఒక చిన్న రివాల్వర్ ఉండాలి. అది ఎవరి కంటా పడకూడదు, నన్ను నొప్పి పెట్టకూడదు. దానికి సరైన ఏర్పాటు నా చేత్తో నేనే చేసుకోవాలన్నది ఈ ప్రాజెక్టు.

నాది గ్యాస్ స్టేషన్‌కి ఆనుకుని ఉన్న కన్వీనియెన్స్ స్టోర్. రాత్రి గల్లా లెక్క చూసుకుని, లైట్లు ఆర్పి, డబ్బు సంచితో కారు దాకా నడిచే ఆ కాసేపు ఎంత టెన్షన్‌గా ఉంటుందో ఈ వ్యాపారంలో ఉన్న మన తెలుగువాళ్లకి విడమరిచి చెప్పక్కర్లేదు. వెంట ఆయుధం ఉంచుకోవాలా వద్దా అన్నది ఎవరి నిర్ణయం వాళ్లది. ఉంచుకోవాలని నిర్ణయించుకున్నాక మాత్రం దాన్ని ఎలా మోయాలన్నది పట్టించుకోవాల్సిందే. నొప్పి పెట్టే హోల్‌స్టర్, అంటే తుపాకీ ఒర, పెట్టుకున్న మనిషి చేతులు ఊరుకోవు. మాటిమాటికీ సర్దుకుంటాడు, పైకి లాక్కుంటాడు, చివరికి ఏ బాత్రూంలోనో కౌంటర్ కిందో తీసి పెట్టి మర్చిపోతాడు. నిండు తుపాకీని ఎన్నిసార్లు ముట్టుకుంటే ప్రమాదానికి అన్నిసార్లు దారి ఇచ్చినట్టే. పొద్దున పెట్టుకుని రాత్రి దాకా చెయ్యి వెయ్యకుండా ఉండగలిగితే చాలు, సగం భద్రత అక్కడే వచ్చేస్తుంది.

పనిలోకి దిగేముందు చట్టం గురించి, ఎందుకంటే దీని మీద మన వాళ్లలో అపోహలు చాలా ఉన్నాయి. టెక్సాస్‌లో 2021 సెప్టెంబరు 1 నుంచి, చట్టం నిషేధించనివాళ్లు 21 ఏళ్లు నిండితే లైసెన్స్ లేకుండానే హ్యాండ్‌గన్ వెంట ఉంచుకోవచ్చు. అది విని హెచ్-1బీ మీద ఉన్న కుర్రాళ్లు "అన్నా, అయితే మేమూ కొనుక్కోవచ్చా?" అని అడుగుతుంటారు. కొనకూడదు. వలసేతర వీసా మీద ఉన్నవాళ్ల దగ్గర తుపాకీ ఉండటమే ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. వేట లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి కానీ, లాయర్‌ని అడగకుండా వాటిని నమ్ముకుని దిగడం ఇమిగ్రేషన్‌ని పణంగా పెట్టడమే. గ్రీన్ కార్డు ఉన్నవాళ్ల సంగతి వేరు. ఇక ఇండియాలో అయితే 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్స్ లేనిదే ఈ మాటే ఎత్తడానికి లేదు.

నేను మాత్రం టెక్సాస్ లైసెన్స్ తీసుకునే ఉన్నాను. స్కూళ్ల చుట్టూ వెయ్యి అడుగుల లోపల తుపాకీ ఉండకూడదనే ఫెడరల్ చట్టం ఒకటుంది. రాష్ట్రం ఇచ్చిన లైసెన్స్ ఉంటే ఆ రాష్ట్రంలో దాని నుంచి మినహాయింపు దొరుకుతుంది. షాపు నుంచి ఇంటికి వచ్చే దారిలో స్కూలు తగలని రోడ్డు మా దగ్గర లేదు. లైసెన్స్ ఉన్నా కోర్టుల్లోకి, స్కూలు భవనాల్లోకి, పోలింగ్ కేంద్రాల్లోకి, ఎయిర్‌పోర్టులో సెక్యూరిటీ దాటిన చోటికి తీసుకెళ్లకూడదు. తలుపు మీద 30.06 బోర్డు, అంటే లైసెన్స్ ఉన్నా దాచిన తుపాకీతో రావద్దని చెప్పే నోటీసు, పెట్టిన ఏ షాపులోకీ తీసుకెళ్లకూడదు.

ఇక వస్తువు. స్మిత్ అండ్ వెస్సన్ 642. పాయింట్ 38 స్పెషల్, అయిదు తూటాలు, రెండంగుళాలకి కాస్త తక్కువ గొట్టం. ఈ కుటుంబంలో మొదటిది 1950లో వచ్చింది. తూటాని పేల్చే సుత్తి బయటికి కనపడకుండా ఫ్రేమ్ లోపలే ఉండే రకాన్ని 1952లో, కంపెనీకి వందేళ్లు నిండిన సందర్భంగా తెచ్చారు. నా 642 ఆ వంశంలోదే. వెనక సుత్తి కొమ్ములా పొడుచుకుని ఉండదు కాబట్టి తీసేటప్పుడు బట్టకి తగులుకోదు. ఫ్రేమ్ అల్యూమినియం మిశ్రమం. ఖాళీగా 425 గ్రాముల లోపే, తూటాలు వేస్తే అర కిలో. పొడవు 16 సెంటీమీటర్లు. ఇబ్బంది పెట్టేది సిలిండర్, అంటే తూటాలు పట్టే గుండ్రటి భాగం: అక్కడ మందం 33 మిల్లీమీటర్లు. అర కిలో బరువు, మధ్యలో ఆ బొడిపె, ఈ రెండింటితోనే నా పోరంతా.

ఆగస్టు

మొదట జేబు. చిన్న రివాల్వర్ అనగానే అందరికీ తట్టేది అదే, తట్టడంలో తప్పు లేదు కూడా. చొక్కా టక్ చేసుకున్నా చేసుకోకపోయినా పర్వాలేదు, బెల్టుతో పని లేదు, జేబులో చెయ్యి పెట్టుకుని నిలబడితే ఎవరూ వింతగా చూడరు.

కానీ హోల్‌స్టర్ లేకుండా ఉత్త జేబులో వెయ్యడం ఎవరూ చెయ్యకూడని పని. ట్రిగర్ చుట్టూ ఉండే కమ్మీ, అదే ట్రిగర్ గార్డ్, అందులోకి తాళం చెవి ఒకటి దూరితే చాలు. జేబు హోల్‌స్టర్ చెయ్యాల్సిన పనులు నాలుగు: ట్రిగర్‌ని పూర్తిగా మూసి ఉంచాలి, పిడి ఎప్పుడూ పైకే ఉండేలా నిలబెట్టాలి, బయటి నుంచి తుపాకీ ఆకారం కనపడనివ్వకూడదు, తుపాకీ తీసినప్పుడు తాను మాత్రం జేబులోనే ఉండిపోవాలి. ఆ జేబులో దాంతోపాటు ఇంకేదీ ఉండకూడదు, చిల్లర కూడా.

బజార్లో దొరికే బట్ట హోల్‌స్టర్‌తో మొదలుపెట్టాను. నిలబడితే బాగానే ఉంది. నడిస్తే జేబు అడుగున అటూ ఇటూ ఊగుతూ తొడకి కొట్టుకునేది. మా ఆవిడ వెనక నుంచి చూసి, "ఏమండీ, కుడి వైపు ప్యాంటు కిందకి జారుతోంది, నడకలో తెలిసిపోతోంది" అంది. ఆ మాట అద్దం కన్నా ఎక్కువ పనికొచ్చింది. దోషం హోల్‌స్టర్‌లో కన్నా జేబులోనే ఉంది. రెడీమేడ్ ప్యాంట్ల జేబు గుడ్డ మరీ పల్చన, పైగా అవసరానికి మించి లోతు.

అర్వింగ్‌లో బ్లౌజులు కుట్టే ఒక తెలుగావిడ దగ్గరికి రెండు ప్యాంట్లు పట్టుకెళ్లాను. "అక్కా, కుడి జేబు లోపలి గుడ్డ తీసేసి గట్టి డ్రిల్ గుడ్డ వెయ్యాలి. లోతు ఒక అంగుళం తగ్గించాలి, నోరు అర అంగుళం వెడల్పు చెయ్యాలి" అని అడిగాను. "ఇంత మందం గుడ్డ జేబులకి ఎవరూ వేయించుకోరు తమ్ముడూ, ఉతికితే ఆరదు" అంటూనే, అడుగున రెండు వరసల కుట్టు వేసి ఇచ్చింది. మొత్తం ప్రాజెక్టులో అతి తక్కువ ఖర్చుతో అతి ఎక్కువ తేడా తెచ్చిన పని అదే. తుపాకీ పైకి వచ్చింది, ఊగడం తగ్గింది, చెయ్యి సులువుగా దూరుతోంది.

పిడి కూడా మార్చాను. కంపెనీ ఇచ్చిన రబ్బరు పిడి జేబు గుడ్డని పట్టేసుకుంటుంది, చొక్కా దాని మీదకి ఎక్కితే దిగదు. దాని బదులు నున్నటి చెక్క పిడి వేశాను. గుడ్డ జారిపోతోంది. ఇంత తేలిక రివాల్వర్‌కి చెక్క పిడి వేస్తే కాల్చినప్పుడు అరచేతికి దెబ్బ గట్టిగానే తగులుతుంది. రేంజ్‌లో ఒక పెట్టె తూటాలు పూర్తయ్యేసరికి బొటనవేలి మొదట్లో చర్మం కందిపోతుంది. ఆ బాధ నెలకి ఒక గంట, మోసే సుఖం రోజంతా. నాకు అదే లాభం అనిపించింది.

సెప్టెంబరు

ఇప్పుడు తోలు. ఈ నెలంతా దీనికే పోయింది, పోనిచ్చాను కూడా.

చెట్ల బెరడుతో పదును చేసిన తోలే తీసుకోవాలి. మన వైపు తంగేడు చెక్కతో తోళ్లు పదును చేసేవారే, ఆ జాతి తోలు. క్రోమియం లవణాలతో చేసిన మెత్తటి తోలు సోఫాలకీ జాకెట్లకీ బాగుంటుంది కానీ, తడిపి ఒత్తితే ఆ ఆకారాన్ని పట్టి ఉంచదు. అందులో మిగిలిపోయే లవణాలు ఉక్కుకి తుప్పు కూడా పట్టిస్తాయి. ఇక్కడ తోలు మందం ఔన్సుల్లో చెప్తారు. ఒక ఔన్సు అంటే అంగుళంలో 64వ వంతు. నడుముకి పెట్టే హోల్‌స్టర్‌కి ఏడెనిమిది ఔన్సులు వాడతారు. జేబుకి అంత మందం ఎక్కువ, అయిదారు ఔన్సులు, అంటే రెండు మిల్లీమీటర్ల పైచిలుకు సరిపోయింది.

గరుకు వైపు బయటికి పెట్టాను. ఆ గరుకే జేబు గుడ్డని పట్టుకుని హోల్‌స్టర్‌ని లోపల ఆపుతుంది. నున్నటి వైపు తుపాకీకి ఆనుతుంది. కింది అంచున వెనక్కి ఒక కొక్కెంలా వదిలాను, తీసేటప్పుడు అది జేబు అంచుకి తగులుకుని ఆగిపోవడానికి. బయటి వైపు, అంటే చూసేవాళ్ల వైపు, చదునైన రెండో పొర ఒకటి కుట్టాను. దాంతో సిలిండర్ బొడిపె కనపడదు, జేబులో లావుపాటి పర్సు ఉన్నట్టు ఉంటుంది.

తడి తోలుకి ఆకారం ఇవ్వడానికి అసలు తుపాకీ వాడను. నీలం రంగు గట్టి ప్లాస్టిక్‌తో అదే కొలతల్లో చేసిన నమూనాలు దొరుకుతాయి. నీళ్లకి తుప్పు భయం లేదు, పొరపాటున పేలే ప్రసక్తి లేదు. తోలుని గోరువెచ్చని నీళ్లలో ముంచి, బుడగలు రావడం ఆగాక తీసి, కాసేపు గాలికి వదలాలి. పైన రంగు మళ్లీ లేతగా మారడం మొదలవుతుంది, లోపల మాత్రం ఇంకా చల్లగా తగులుతుంది. ఒత్తాల్సింది ఆ సమయంలోనే. నమూనా లోపల పెట్టి, ముందు బొటనవేళ్లతో సిలిండర్ చుట్టూ, తర్వాత ఎముక పుల్లతో ట్రిగర్ గార్డ్ అంచు వెంబడి నెమ్మదిగా నొక్కుకుంటూ వెళ్లాను. తోలు మొదట మొరాయిస్తుంది, తర్వాత ఉన్నట్టుండి లొంగి ఆ గీత దగ్గరే నిలిచిపోతుంది. ట్రిగర్ గార్డ్ మీద ఆ గీత ఎంత లోతుగా పడితే తుపాకీ అంత బాగా పట్టి ఉంటుంది. తొందరపడి హీటర్ దగ్గర పెడితే తోలు పెళుసుబారుతుంది. ఫ్యాను గాలికే ఆరనిచ్చాను.

కుట్టు రెండు సూదులతో, మైనం పట్టించిన దారంతో, ఒకే రంధ్రంలోంచి అటూ ఇటూ. రంధ్రాలకి మన చెప్పులు కుట్టేవాళ్లు వాడే ఆరె లాంటిదే ఇక్కడా. అంగుళానికి ఆరు కుట్లు. ఈ కుట్టు గొప్పతనం ఏంటంటే ఒక చోట దారం తెగినా పక్క కుట్లు ఊడిపోవు, మిషన్ కుట్టు అలా కాదు. అంచులు చివర్లో మైనంతో రుద్ది నున్నగా చేశాను. నూనె మాత్రం పట్టించలేదు. తోలుకి మంచిదని చాలామంది రాస్తారు, హోల్‌స్టర్‌కి అది చెరుపు. మెత్తబడిన తోలు నోటి దగ్గర లోపలికి మడతపడి ట్రిగర్ మీదకి వస్తుంది.

అందుకే పరీక్ష. సిలిండర్ తెరిచి, అయిదు అరలూ వేలితో తడిమి, ఖాళీ అని రెండుసార్లు చూసుకుని, తూటాలు వేరే గదిలో పెట్టి, తుపాకీని హోల్‌స్టర్‌లో పెట్టాను. ట్రిగర్ గార్డ్ ఉన్నచోట బయటి నుంచి రెండు బొటనవేళ్లతో బలంగా నొక్కాను. ట్రిగర్ కదిలితే సిలిండర్ తిరగడం మొదలవుతుంది, వేలికి తెలిసిపోతుంది. కదల్లేదు. ఈ రివాల్వర్ ట్రిగర్ లాగడానికి పన్నెండు పౌన్ల దాకా బలం కావాలి. ఆ బరువే కాపాడుతుందని వదిలేసి నాసిరకం హోల్‌స్టర్ వాడేవాళ్లు ఉన్నారు. నేను ఒప్పుకోను.

తుపాకీని తిరిగి పెట్టే పద్ధతి కూడా ఇప్పుడే ఖాయం చేసుకున్నాను. జేబులో ఉన్న హోల్‌స్టర్‌లోకి గుడ్డిగా దూర్చకూడదు. హోల్‌స్టర్‌ని బయటికి తీసి, కంటితో చూస్తూ తుపాకీ అందులో పెట్టి, రెండూ కలిపి జేబులో వెయ్యాలి. రాత్రి ఇంటికి రాగానే రెండూ కలిపే తీసి లాక్‌బాక్స్‌లో పెడతాను. ఇంట్లో పిల్లలు ఉన్నారు, అందులో ఇంకో మాట లేదు.

అక్టోబరు

జేబు ఏర్పాటు బాగా కుదిరింది, నిలబడి ఉన్నంతసేపు. కౌంటర్ వెనక ఎత్తు స్టూలు మీద కూర్చున్నా, కారులో సీటు బెల్టు పెట్టుకున్నా జేబు నోరు మూసుకుపోతుంది. చెయ్యి దూరదు. నా రోజులో సగం కూర్చునే ఉంటాను. అందుకే వేరే దారులు వెతికాను.

చీలమండ: డ్రైవింగ్‌లో అందుతుంది, నిజమే. కానీ నిలబడితే ఒంటికాలి మీద వంగాలి. కూల్ డ్రింకు కేసులు మోసే పనిలో ఎముక మీద రాసుకుని ఎర్రబడింది. తీసేశాను.

పిడికే కొక్కెం: కుడి వైపు పిడి పలకకి చిన్న రెక్క ఉంటుంది, దాన్ని బెల్టుకి తగిలించి తుపాకీని మొలలో దోపుకోవడమే. పల్చదనంలో దీన్ని కొట్టేది లేదు. కానీ ట్రిగర్‌కి అడ్డం ప్యాంటు గుడ్డ తప్ప ఇంకేదీ లేదు. చేతిలోకి తీసుకుని చూసి పక్కన పెట్టేశాను.

నడుముకి చుట్టుకునే ఎలాస్టిక్ పట్టీలు: లాల్చీ పైజమాకి పనికొస్తాయని చెప్తారు. దసరా రోజుల్లో నేనూ ఆలోచించాను. మెత్తటి గుడ్డ ట్రిగర్‌ని కాపాడలేదు, దానికి గట్టి డొప్ప విడిగా కావాలి. పైగా ఫంక్షన్‌లో పిల్లలు ఒళ్లోకి ఎక్కుతారు. గుడికీ, పండగలకీ, పెళ్లిళ్లకీ తుపాకీ ఇంట్లో సేఫ్‌లోనే ఉంటుంది. దానికి ఏర్పాటు వెతకడం మానేశాను.

మిగిలింది బెల్టు లోపల, పొట్టకి ముందు కుడివైపు. గొట్టం చిన్నది కాబట్టి వంగినా తొడలో పొడవదు, అందరూ చెప్పేది అదే. దానికి తగ్గట్టే చిన్న హోల్‌స్టర్ ఒకటి కొని పెట్టుకున్నాను. గంటలోపే అర్థమైంది ఏం జరుగుతోందో. గొట్టం చిన్నది, సిలిండర్ బెల్టుకి పైన. అంటే బరువంతా బెల్టు పైన ఉంది, కింద ఆసరా లేదు. కూర్చోగానే పిడి బయటికి ఒరిగి చొక్కాని పొడుచుకొస్తోంది, డొప్ప కింది అంచు పొత్తికడుపులోకి దిగుతోంది. తాటాకు గొడుగుకి కర్ర పొట్టిదైతే గాలికి నిలవదు చూడండి, అలా.

నవంబరు

కాబట్టి హోల్‌స్టర్ పొడవు పెంచాలి. చిన్న తుపాకీకి చిన్న హోల్‌స్టర్ పెడితే సుఖంగా ఉంటుందన్న మాట మొలలో పెట్టుకునేదానికి పనికిరాదు. గొట్టం అయిపోయాక ఇంకో రెండంగుళాలు కిందకి డొప్ప సాగితే ఆ భాగం ప్యాంటు లోపల ఒంటికి ఆనుకుని, పైన పిడిని పడిపోకుండా పట్టి ఉంచుతుంది. ఈ ఒక్క సంగతి ఎవరైనా ముందే గట్టిగా చెప్పి ఉంటే బాగుండేదనిపిస్తుంది. అందుకే నేను గట్టిగా చెప్తున్నాను.

దీనికి కైడెక్స్ వాడాను, అంగుళంలో ఎనిమిది వందో వంతుల మందం, రెండు మిల్లీమీటర్లు. ఇది వేడికి మెత్తబడి, చల్లారాక గట్టిపడే ప్లాస్టిక్ రేకు. చెమటకి తడవదు, నోరు మూసుకుపోదు. వంటింటి ఓవెన్‌లో పెట్టకూడదు, వాసన వస్తుంది, వంట చేసుకునే చోట ఆ ఆవిర్లు మంచివి కావు. గ్యారేజీలో తలుపు ఎత్తి, విడిగా కొన్న చిన్న టోస్టర్ ఓవెన్‌లో 325 ఫారన్‌హీట్ దగ్గర వేడి చేశాను. రేకు తడి గుడ్డలా వేలాడటం మొదలవగానే నమూనా మీద వేసి, రెండు మందపాటి ఫోమ్ దిండ్ల మధ్య బిగించాను. అంతకు ముందే నమూనా గొట్టం చివర అదే మందం చెక్క పుల్ల ఒకటి టేపుతో అతికించాను. ఆ రెండంగుళాల పొడవు అక్కడి నుంచే వచ్చింది. సిలిండర్ ముందు వెనక గాడుల్లో కూడా మైనపు ముద్ద నింపి చదును చేశాను, లేకపోతే ప్లాస్టిక్ అక్కడ దిగి తుపాకీని బయటికి రానివ్వదు.

పట్టు ట్రిగర్ గార్డ్ దగ్గరే ఉండేలా, స్క్రూ కింద రబ్బరు వాషర్ వేశాను. స్క్రూ బిగిస్తే పట్టు పెరుగుతుంది. ఖాళీ తుపాకీతో తలకిందులు చేసి, పరుపు మీద ఊపి చూశాను, జారలేదు. తీసేటప్పుడు చిన్న చప్పుడుతో వదులుతుంది.

తర్వాత ఫోమ్ ముక్క. డొప్ప కింది భాగానికి, ఒంటి వైపు, కింద మందంగా పైకి పోనుపోను పల్చగా చెక్కిన ముక్క ఒకటి అతికించాలి. అది కింది భాగాన్ని ఒంటి నుంచి దూరంగా నెడుతుంది, దాంతో పైన పిడి పొట్ట వైపుకి ఒరుగుతుంది. నీళ్లు పీల్చని ఫోమ్ తీసుకుని, కత్తితో కోసి, గరుకు కాగితంతో గుండ్రం చేసి, పైన మెత్తటి తోలు తొడిగి, వెల్క్రోతో అంటించాను. వెల్క్రో ఉంటే ఒక గోరంత పైకీ కిందకీ జరుపుకోవచ్చు. ఆ గోరంతలోనే ఉంది అంతా. కాస్త పైన పెడితే పొట్ట మీద రాయి పెట్టినట్టుంది. కాస్త కిందకి దించి, అంచు ఏటవాలు చేశాక, కౌంటర్ దగ్గర కూర్చుని లెక్కలు రాసుకుంటూ అది ఉన్న సంగతే మర్చిపోయాను.

బెల్టు కూడా మార్చాల్సి వచ్చింది. రంధ్రాల బెల్టుకి మెట్టుకీ మెట్టుకీ అంగుళం తేడా ఉంటుంది. భోజనం తర్వాత ఒకటి బిగుతు, ఒకటి వదులు. పళ్ల పట్టీ ఉండే రాట్చెట్ బెల్టుకి ఆ తేడా పావు అంగుళమే. కూర్చునేటప్పుడు ఒక మెట్టు వదులుతాను, లేచినప్పుడు బిగిస్తాను. తుపాకీని ముట్టుకునే పనే లేదు.

డిసెంబరు

షాపు రోజుల్లో కైడెక్స్ డొప్ప, మొలలో. నడిచే పని ఎక్కువున్న రోజుల్లో తోలు హోల్‌స్టర్, కొత్త గుడ్డ వేసిన జేబులో. రెండిటినీ ఒకే రోజు మార్చి మార్చి వాడను. చెయ్యి ఎక్కడికి వెళ్లాలో చేతికి తెలిసుండాలి.

జేబులో మోసే తుపాకీకి దూది పీచు పెద్ద శత్రువు. వారానికోసారి తూటాలు తీసి, పక్కన పెట్టి, గొట్టంలో, సిలిండర్ వెనక, కాల్చిన తూటా గుల్లలని బయటికి నెట్టే నక్షత్రం ఆకారపు ఎక్‌స్ట్రాక్టర్ కింద మెత్తటి బ్రష్‌తో దులుపుతున్నాను. వేసవి చెమటకి అల్యూమినియం ఫ్రేమ్ మీద పారదర్శకపు పూత ఒకచోట పొలుసులా లేచింది. పనికేం అడ్డం కాదు కానీ, చొక్కా లోపల బనియన్ వేసుకోవడం మొదలుపెట్టాను. చర్మానికీ మంచిదే.

తోలు హోల్‌స్టర్ నోరు వేలితో నొక్కి చూశాను, ఇంకా గట్టిగానే ఉంది. మెత్తబడిన రోజు దాన్ని పారేసి కొత్తది కుడతాను, అందుకు సరిపడా తోలు ముక్క చుట్టి పెట్టి ఉంచాను. కైడెక్స్‌కి ఇప్పుడున్న ప్లాస్టిక్ క్లిప్పు చొక్కా టక్ చేస్తే బెల్టు మీద నల్లగా కనపడుతోంది. దాని బదులు సన్నటి స్టీలు క్లిప్పు తెప్పించాను. రంధ్రాల దూరం కలవట్లేదు, డొప్పకి కొత్త రంధ్రం వెయ్యాలి. ఈ ఆదివారం షాపు పని అయ్యాక గ్యారేజీలో చెయ్యబోయే పని అదే.